పదును అంచుకా, ఉక్కుకా?

సందేహం: ట్రెకింగ్‌కు, క్యాంపింగ్‌కు పనికొచ్చే ఒక చవక కత్తి గురించి రాస్తూ ‘పదునైన ఉక్కు’ అన్నాను. పదును అంచుకే గాని ఉక్కుకు ఉండదని మిత్రుడు దిద్దాడు. నిజమేనా? ‘ఉక్కు’ అనాలా, ‘స్టీలు’ అనాలా?

సమాధానం: మీ మిత్రుడి మాట ‘వాడి’కి సరిపోతుంది, ‘పదును’కు సరిపోదు.

‘పదును’ (‘పదను’ అనీ అంటాం) అంటే ఒక వస్తువు పనికి సరిగ్గా కుదిరిన స్థితిలో ఉండడం. వాన వెలిశాక రైతు పిడికెడు మట్టి తీసి నొక్కి చూస్తాడు. ముద్దకట్టి, వేలు తగలగానే విడిపోతే ‘పదునైంది, అరక కట్టొచ్చు’ అంటాడు. ‘అదునూ పదునూ’ అన్న జంటలో ఉన్నదీ ఈ పదునే. కన్నడంలో ‘హద’ అన్నా ఇదే అర్థం.

ఇప్పుడు కొలిమి దగ్గరికి రండి. కమ్మరి కత్తిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతాడు. చుయ్యిమంటుంది. ఉక్కు బాగా గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసవుతుంది. అందుకే మళ్లీ కొద్దిగా వేడి చేసి, లోహం మీద ఎండుగడ్డి రంగు పాకగానే ఆపేస్తాడు. ఇదీ పదును పెట్టడమంటే. మట్టికి తడి ఎలాగో ఉక్కుకు గట్టిదనం అలాగ, ఎక్కువైనా చెడే, తక్కువైనా చెడే. సానరాయి మీద అంచును పలచన చేయడం వేరే పని, అది సానపట్టడం. దానివల్ల వచ్చేది వాడి. రోజువారీ మాటల్లో దాన్నీ పదునే అంటున్నాం. అది తప్పని నేననను. కాని కత్తి కొనేవారికి ఈ తేడా తెలియాలి.

ఒకసారి సంతలో చవకగా మడతకత్తి కొన్నాను. కాగితాన్ని గాలిలో పట్టుకుంటే సర్రున కోసింది. ఇంటికొచ్చి ఎండు వెదురు కణుపు చెక్కాను. నాలుగు చెక్కులకే అంచు ఒక పక్కకు మడుచుకుపోయింది, గోరు ఆనిస్తే తగులుతోంది. వాడి ఉంది, పదును లేదు. పదును మరీ ఎక్కువైన కత్తికైతే అంచు మడవదు, విరిగి గంట్లు పడతాయి. కొట్లో కాగితం కోసి చూపిస్తే తెలిసేది సాన పనితనమే, ఉక్కు సంగతి కణుపు దగ్గర తేలుతుంది.

ఇక రెండో ప్రశ్న. నిఘంటువులో రెండూ ఒకటే, వాడుకలో కాదు. ‘విశాఖ ఉక్కు’ అంటాం, ‘ఉక్కు గిన్నె’ అనం. తెలుగింట్లో స్టీలంటే తుప్పు పట్టని వంటసామాను. ఆ గిన్నెల్లో మేలైనది 304 రకం: సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్, కార్బన్ నామమాత్రం. కాల్చి ముంచినా దానికి పదును ఎక్కదు. కత్తికి వాడే స్టెయిన్‌లెస్ వేరు, అందులో పదును ఎక్కడానికి చాలినంత కార్బన్ ఉండాలి. అయస్కాంతం అతుక్కుంటే నకిలీ స్టీలని చాలామంది అంటారు. గిన్నెల సంగతేమో గాని, కత్తి విషయంలో అది పొరపాటు. పదునెక్కే స్టెయిన్‌లెస్‌కు అయస్కాంతం అతుక్కుంటుంది.

అందుకని కత్తి గురించి ‘ఉక్కు’ అనే రాయండి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ ఉక్కును ఇంగ్లిషువాళ్లు ‘వూట్జ్’ అన్నారు. ఆ పేరు ‘ఉక్కు’ నుంచే వచ్చిందంటారు, తెలుగులోనూ కన్నడంలోనూ అదే మాట. ఆ ఉక్కు కత్తుల మీది నీటి అలల చారలు లోహంలోంచి పుట్టినవి. ఇప్పటి చవక కత్తుల మీద అలాంటి చారలు చాలావరకు పైపైన చెక్కినవే, వాటిని చూసి మురిసిపోకండి.

‘సర్జికల్ స్టీల్’ అన్న ముద్ర ఏ రకమో చెప్పదు. కత్తుల స్టెయిన్‌లెస్ రకాన్ని చెప్పే ఉత్త ‘440’ అంకె కూడా చాలదు: 440ఏలో కార్బన్ 0.60–0.75 శాతం, 440సీలో 0.95–1.20. పక్కన అక్షరం లేకపోతే తక్కువ రకమనే అనుకోండి. అక్షరం ఉన్నా, కాల్చిన తీరు చెడితే రకం అక్కరకు రాదు.

మీ వాక్యాన్ని ఇలా మార్చవచ్చు: ‘ఈ కత్తి ఉక్కుకు పదును బాగా కుదిరింది. వెదురు చెక్కినా అంచు మడవలేదు, వాడి తగ్గలేదు.’ అయితే ఇది వెదురు చెక్కి చూశాకే రాయండి.