తుపాను సాయం పంచే ఉద్యోగం ఎన్నాళ్లుంటుంది?

కవిటి మండలం నుంచి ఒక తండ్రి రాశారు. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న కుమార్తె విదేశానికి వెళ్లి మానవతా సహాయంపై ఏడాది పీజీ చేస్తానంటోందట. తుపాను వస్తేనే పని దొరికే చదువుకు అప్పు చేయడం తగునా, దానికంటే గ్రామీణాభివృద్ధి పీజీ మేలా, ఆడపిల్ల వరద ఊళ్లలో తిరగడం ఏమిటి అని ఆయన ప్రశ్న.

అయ్యా, ఉద్దానం తల్లిదండ్రులు ఈ ప్రశ్న నన్ను చాలాసార్లు అడిగారు. కోర్సు పేరు ఏదైనా, అమ్మాయి ఒకచోట కుదురుకోదేమోనన్నదే అసలు బెంగ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వద్ద తీరం దాటిన తర్వాత బియ్యం, టార్పాలిన్లు కొన్ని వారాలే వచ్చాయి. కూలిన కొబ్బరిచెట్టు చోట నాటిన దేశవాళీ మొక్క కాపుకు రావడానికి 6 నుంచి 8 ఏళ్లు పడుతుంది. అన్నేళ్లూ ఆ కుటుంబం ఏ అంతరపంటతో గడవాలి, పాత అప్పు ఎలా తీరాలి అన్నది చూసే మనిషికి పని ఆగదు. తక్షణ సాయాన్నీ దీర్ఘకాల అభివృద్ధినీ వేరుచేయకుండా నడపాలని 2016లో ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ మానవతా సదస్సులో ఐక్యరాజ్యసమితి సంస్థలు ఒప్పుకున్నది కూడా ఇందుకే.

విదేశీ కోర్సుపై మాత్రం నాకు గట్టి సందేహాలున్నాయి. 2025 జూలైలో అమెరికా ప్రభుత్వ విదేశీ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ కార్యకలాపాలు నిలిచిపోయాయి. ఏళ్ల తరబడి ఈ రంగంలో పనిచేసినవారే ఇప్పుడు ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. మన దేశంలోనూ విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో, స్వచ్ఛంద సంస్థలు ఆ విరాళాల్లోంచి పెట్టుకునే పాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది, అందిన విరాళాన్ని చిన్న సంస్థలకు బదిలీ చేసే వీలూ పోయింది. ఇల్లు తాకట్టు పెట్టి ఆ పట్టా తెచ్చుకోమని నేను చెప్పలేను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ), గుజరాత్‌లోని ఆనంద్‌లో గ్రామీణ నిర్వహణ నేర్పే ఇర్మా, ముంబయి టిస్ (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ)లోని విపత్తుల అధ్యయన విభాగం ముందు చూడండి. పొదుపు సంఘాలు, పంటల బీమా, తాగునీటి సంగతి తెలిసినవారు తుపాను రోజున సాయం పంపిణీ త్వరగానే నేర్చుకుంటారు. పంపిణీ మాత్రమే తెలిసినవారికి మిగతాది అంత సులువుగా అబ్బదు.

ఇక మీకొక మాట, నొచ్చుకున్నా సరే. తిత్లీ నష్టపరిహారం జాబితాలో పక్కింటి కౌలురైతు పేరెందుకు లేదని హైస్కూలు వయసులోనే అమ్మాయి మిమ్మల్ని అడిగిందని ఉత్తరంలో మీరే రాశారు. ఆ ప్రశ్న వేసిన పిల్లను ఊళ్లు తిరగవద్దనడం అన్యాయం. ఈ వేసవిలో రెండు నెలలు మీ మండలంలోనే మహిళా సంఘాల సమావేశాలకు వెళ్లనివ్వండి, ఆ కౌలురైతు తోట ఇప్పుడెలా ఉందో చూసి రమ్మనండి. కోర్సు సంగతి ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని తేల్చుకోవచ్చు.