చెల్లెలి దగ్గరకు వెళ్లకుండా దేవుడి దగ్గరే ఏడిస్తే సరిపోతుందా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా నాన్న పోయి తొమ్మిదేళ్లయింది, అమ్మ అంతకుముందే పోయింది. ఉన్నది రెండెకరాల మాగాణి. బ్యాంకు లోను కోసమని చెప్పి చెల్లెలి చేత సంతకాలు పెట్టించుకుని మొత్తం నా పేర రాయించుకున్నాను. పెళ్లికి చాలానే పెట్టాం కదా అని సర్దిచెప్పుకున్నాను. ప్రతి ఉజ్జీవ సభలో ఏడ్చి ఒప్పుకుంటున్నాను, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో ఉపవాసం ఉంటున్నాను, ఆ పొలం కౌలులో దశమభాగం గుడికి ఇస్తూనే ఉన్నాను. అయినా నెమ్మది లేదు. దేవుడు నన్ను క్షమించలేదంటారా? (పేరు వేయవద్దు)

జవాబు: సోదరా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో సభలున్నాయి, ఉపవాసాలున్నాయి, దశమభాగం ఉంది, చెల్లెలు మాత్రం సంతకం పెట్టేసి మాయమైపోయింది. ఆమె ఇప్పుడెలా ఉందో కూడా మీరు రాయలేదు. తొమ్మిదేళ్లుగా దేవుడికి చెబుతున్న ఈ మాట ఆమెకు ఒక్కసారైనా చెప్పారా?

ఏడవడం తప్పని నేననను. కానీ బైబిల్లో మారుమనస్సు అంటే ఏడుపు కాదు. పాత నిబంధనలో దీనికి వాడిన హెబ్రీ మాటకు అసలు అర్థం వెనక్కి తిరగడం. తప్పుదారిలో పది మైళ్లు వెళ్లినవాడు అక్కడే కూర్చుని ఎంత బాధపడినా ఊరు దగ్గరకి రాదు కదా. మీరు తిరిగి రావలసిన దారి మీ చెల్లెలి గుమ్మం మీదుగా ఉంది, అందుకే మీకు గుడిలో ఎంతసేపు మోకరించినా నెమ్మది దొరకడం లేదని నా అనుమానం. మత్తయి 5వ అధ్యాయంలో యేసు, బలిపీఠం దగ్గర కానుక పెడుతుండగా నీ మీద నీ సహోదరునికి ఏదైనా ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలిపెట్టి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు. మీరేమో చెల్లెలి పొలం మీద వచ్చిన కౌలునే కానుకగా వేస్తున్నారు! (మీ పాస్టరుగారికి ఆ డబ్బు ఎక్కడిదో తెలుసా అన్నది నేను అడగను.)

యేసును కలిసి మారిన పన్నులు వసూలు చేసే అధికారి జక్కయ్య సంగతి తీసుకోండి. అన్యాయంగా తీసుకున్నది ఏదైనా ఉంటే నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. ధర్మశాస్త్రమైతే, సంఖ్యాకాండము 5వ అధ్యాయంలో, తీసుకున్నది పూర్తిగా ఇచ్చి దానికి ఐదో వంతు కలపమంది. అలాగని పొలం తిరిగిస్తే క్షమాపణ కొనుక్కున్నట్టు కాదు. జక్కయ్య ఆ మాట అనకముందే యేసు నేడు నీ ఇంట ఉంటానన్నాడు, అది మరిచిపోవద్దు. పైగా యేసును అప్పగించిన యూదా ఇస్కరియోతు, అందుకు పుచ్చుకున్న ముప్ఫై వెండి నాణేలూ వెనక్కిచ్చేశాడు, ఆ లెక్కన మీకంటే అతనే నయం, కానీ తాను అప్పగించిన ఆయన దగ్గరకు మాత్రం తిరిగి రాలేదు. యేసు ఎవరో ఎరగనన్న శిష్యుడు పేతురు వెక్కివెక్కి ఏడ్చి, తిరిగొచ్చాడు. తీసుకున్నది తిరిగివ్వడం, ఆయన దగ్గరకు తిరిగి రావడం, రెండూ కావాలి మనకు.

ఇక పెళ్లికి పెట్టామన్న మాట. అది వాటా కాదండీ. వీలునామా లేకుండా తండ్రి పోతే, క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం కొడుకునీ కూతురినీ ఒకేలా చూస్తుంది. తల్లి కూడా లేదు, మీరిద్దరే అయితే చెరి సగం, అంటే ఎకరం ఆమెది. ముందు మీ ఆవిడకు చెప్పండి, ఆమెకు తెలియకుండా చేస్తే ఇంట్లో ఇంకో గొడవ మొదలవుతుంది. తర్వాత చెల్లెలి దగ్గరకు వెళ్లి, లోను అని చెప్పింది అబద్ధమని ఆ మాటతోనే చెప్పండి. ‘ఏదైనా పొరపాటు జరిగి ఉంటే క్షమించు’ లాంటి మాటలు వద్దు. ఎకరం ఆమె పేర ఎలా మార్చాలో వకీలుని అడిగి రిజిస్ట్రేషన్ చేయించండి, ఇన్నేళ్ల కౌలులో ఆమె సగం కూడా లెక్క కట్టండి. ఒకేసారి ఇవ్వలేకపోతే ఎప్పటికి ఇస్తారో కాగితం మీద రాసివ్వండి. ఆమె వెంటనే క్షమించకపోవచ్చు, తలుపు కూడా తీయకపోవచ్చు. అది ఆమె ఇష్టం. పొలం మాత్రం ఆమెదే.

ప్రశ్న: తాగనని దేవుడి ముందు మూడుసార్లు ఒట్టు పెట్టుకుని మూడుసార్లూ తప్పాను. ఇప్పుడు ప్రార్థన చేయాలంటేనే సిగ్గు.

జవాబు: రోజుకు ఏడుసార్లు తప్పు చేసి ఏడుసార్లు మారుమనస్సు పొందానని వచ్చినవాణ్ని క్షమించమని యేసు శిష్యులకు చెప్పాడు (లూకా 17). మనుషులకే అలా చెప్పినవాడు మీ మూడుసార్లకు తలుపు వేసుకుంటాడా? సిగ్గుతోనే వెళ్లండి. ఒట్లు మాత్రం ఆపి, ఏ రోజు, ఎవరితో, ఏ దారిలో వెళ్తే తాగుతున్నారో చూసుకోండి, జీతం రోజున డబ్బు ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. రోజూ బాగా తాగే అలవాటైతే ఒక్కసారిగా మానేయడం ప్రమాదం, ఫిట్స్ రావచ్చు. డాక్టరుకి చూపించుకునే మానండి. మందు బిళ్ల వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టని ఎవరైనా అంటే నా పేరు చెప్పండి, నేను మాట్లాడతాను.