చైనా వెళ్తున్న మా అమ్మాయికి

చిట్టితల్లీ,

నువ్వూ అల్లుడుగారూ అక్టోబరులో చైనా వెళ్తున్నారని మీ అమ్మ చెప్పగానే ముందు క్యాలెండర్ తీశాను. టికెట్లు ఇంకా కొనలేదు కాబట్టి సరిపోయింది. అక్టోబరు 1 వాళ్ల జాతీయ దినోత్సవం. ఆ వారమంతా సెలవులే, దేశం దేశమే రోడ్డు మీద ఉంటుంది. అప్పుడు వెళ్తే చైనా గోడ మీద జనం వీపులు తప్ప ఇంకేమీ కనపడవు. నెల మూడో వారానికి జరుపుకోండి.

ఇక నీ ప్లాన్. తొమ్మిది రోజుల్లో ఐదు ఊళ్లా? వద్దమ్మా. బీజింగ్‌కి ఐదు రోజులు, షియాన్‌కి నాలుగు రోజులు ఇవ్వండి. షాంఘై ఇంకోసారి చూడొచ్చు. ఈ రెండూళ్ల మధ్య బుల్లెట్ రైలు ఐదారు గంటల్లో దింపేస్తుంది. విమానం కంటే అదే హాయి. పైగా వాళ్ల దేశంలో లోపల తిరిగే విమానాల్లోకి 3సీ గుర్తు (వాళ్ల భద్రతా ముద్ర) లేని పవర్ బ్యాంకు రానివ్వరు. 2025 జూన్ నుంచి ఆ నిబంధన ఉంది. మన దగ్గర కొన్నవాటి మీద ఆ గుర్తు ఉందో లేదో చూసుకో.

అక్కడ ఫోనే పర్సు. కూరగాయల బండి దగ్గర కూడా క్యూఆర్ కోడే. డబ్బు చెల్లించే యాప్‌లు అలీపే, వీచాట్ రెండూ ఇక్కడే ఎక్కించుకుని, వీసా గానీ మాస్టర్‌కార్డు గానీ వాటికి జోడించు. బ్యాంకు పంపే ఓటీపీ మన నంబరుకే వస్తుంది కాబట్టి ఆ పని ఇంట్లో కూర్చుని చేసుకోవడమే మేలు. కార్డుకు విదేశీ వాడకం తెరిచి ఉందో లేదో కూడా చూసుకో. 200 యువాన్ల లోపు చెల్లింపుకి అదనపు రుసుము ఉండదు, దాటితే 3 శాతం పడుతుంది. కొంచెం నగదు మాత్రం దగ్గర ఉంచుకోండి. హోటల్ వైఫైలో వాట్సాప్, గూగుల్ తెరుచుకోవు. మన సిమ్ మీద రోమింగ్ ప్యాక్ వేయించుకుంటే పనిచేస్తాయి. మీ అమ్మ రోజూ నీ గొంతు వినకపోతే నిద్రపోదు, ఆ ఖర్చుకి వెనకాడకు.

పాస్‌పోర్టు సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నా. మేం వెళ్లినప్పుడు మీ పెదనాన్న పోతుందేమోనని తనది హోటల్ లాకర్లో పెట్టి, జిరాక్సు జేబులో వేసుకొచ్చారు. బీజింగ్‌లో నిషిద్ధ నగరం, అంటే చక్రవర్తుల పాత కోట, దాని దక్షిణ ద్వారం దగ్గర, ఆ ఎర్రగోడల కింద, మా వంతు వచ్చాక తెలిసింది. అక్కడ పాస్‌పోర్టే టికెట్టు. జిరాక్సు చెల్లదు. ఆయన వెనక్కి వెళ్లి తెచ్చేసరికి మా టికెట్టుకి ఇచ్చిన పొద్దుటి సమయం దాటిపోయింది. ఆ గేటు బయట మెట్ల మీద కూర్చుని నేను పడిన బాధ ఇప్పటికీ మర్చిపోలేదు. రైలుకైనా, మ్యూజియానికైనా, పక్కనున్న తియానన్‌మెన్ చౌక్‌కైనా అసలుదే కావాలి. మెడలో సంచీలో ఉంచుకోండి.

నిషిద్ధ నగరం టికెట్లు ఏడు రోజుల ముందు, వాళ్ల రాత్రి 8 గంటలకు తెరుస్తారు. మనకు సాయంత్రం అయిదున్నర. అలారం పెట్టుకుని కూర్చో. సోమవారం మూసేస్తారు. లోపల అందరూ నడిమధ్య సింహాసనాల వెంటే తోసుకుంటూ పోతారు, మీరు పక్క వసారాల్లోకి మళ్లండి. ఉత్తర ద్వారంలోంచి బయటపడగానే ఎదురుగా జింగ్‌షాన్ గుట్ట ఉంటుంది. కోట చుట్టూ కందకం తవ్విన మట్టితో పోసిన గుట్ట అది. మింగ్ వంశపు చివరి చక్రవర్తి 1644లో అక్కడే ఉరిపోసుకున్నాడు. ఎంత అలిసిపోయినా పైకి ఎక్కండి. పొద్దు వాలే వేళ ఆ పసుపు పెంకుల కప్పులన్నీ ఒకదాని వెనక ఒకటి వెలుగుతుంటే, లోపల నడిచినప్పుడు అందని కొలత అక్కడ అందుతుంది.

చైనా గోడ చూడటానికి బాదాలింగ్ అనే చోటు వద్దు, ముతియెన్యూ అనే చోటికి వెళ్లండి. కేబుల్ కారు ఉంది. మెట్లు మాత్రం ఒకటి జానెడు, ఇంకోటి మోకాలెత్తు. అల్లుడుగారి మోకాలు ఆలోచించి నడవండి.

తిండి గురించి మీ అమ్మ బెంగ అంతా ఇంతా కాదు. శాకాహారం అంటే వాళ్లకి మాంసం ముక్కలు కనపడకపోతే చాలు. మాకు ఒకసారి చిక్కుడుకాయ వేపుడు మీద పంది మాంసం తురుము చల్లి తెచ్చారు. మాంసం, చేప, గుడ్డు, పంది కొవ్వు, మాంసం ఉడికించిన నీళ్లు ఏవీ వద్దని చైనీస్‌లో రాయించి ఫోనులో పెట్టుకుని చూపించు. బౌద్ధాలయాల దగ్గర శుద్ధ శాకాహార భోజనశాలలు దొరుకుతాయి. షియాన్‌లో లియాంగ్‌పీ అని చల్లటి నూడుల్స్, కారం నూనె, వెనిగర్ వేసి ఇస్తారు, నాకు ప్రాణం లేచొచ్చింది. స్టేషన్లలో, రైళ్లలో మరిగే నీళ్లు ఉచితం. ఫ్లాస్కు, పులిహోర పొడి, ఉప్మా ప్యాకెట్లు సర్దుకో. టిష్యూ పేపరు కూడా, మరుగుదొడ్లలో చాలాచోట్ల ఉండదు.

షియాన్‌లో చైనా తొలి చక్రవర్తి సమాధి దగ్గర పాతిపెట్టిన మట్టి సైనికుల బొమ్మల్ని 1974లో బావి తవ్వుతున్న రైతులు కనుక్కున్నారు. ఆ బొమ్మలు బయటపడిన గోతుల్లో ఒకటోదాని ముందు భాగంలో గంటసేపు తోపులాట. మీరు చివరికి నడవండి, అక్కడ ముక్కలు అతికిస్తున్న బొమ్మలు సగం సగం నిలబడి ఉంటాయి. రెండో గోతి హాలులో అద్దాల పెట్టెలో మోకాలి మీద కూర్చున్న విలుకాడు ఉన్నాడు. వాడి వెనక్కి వెళ్లి వంగి చూడు. చెప్పు అడుగున కుట్లు ఉన్నాయి, మడమ దగ్గర ఒత్తుగా, మధ్యలో పలచగా. రెండువేల రెండొందల ఏళ్ల కిందటి చెప్పు అడుగు! నేను అక్కడ్నుంచి కదల్లేకపోయాను.

ఊళ్లోనే పెద్ద అడవి బాతు పగోడా ఉంది. మనం బళ్లో చదువుకున్న హ్యూయన్‌త్సాంగ్, వాళ్లు షువాన్‌జాంగ్ అంటారు, మన దేశం నుంచి 657 గ్రంథాలు తీసుకెళ్లాడు. వాటిని భద్రపరచడానికి క్రీ.శ. 652లో ఈ పగోడా కట్టించారు. ఆయన మన ధాన్యకటకంలో, అంటే ఇప్పటి అమరావతి దగ్గర, కొన్ని నెలలుండి చదువుకున్నాడమ్మా. మీ అమ్మా నేనూ చిన్నప్పుడు అమరావతి స్తూపం మెట్ల మీద ఆడుకున్నాం. ఆ పగోడా కింద నిలబడితే నాకు అదే గుర్తొచ్చింది, మీ పెదనాన్న చెయ్యి పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. అక్కడ తొందరపడకండి.

అలీపేలో కార్డు ఎక్కిన రోజు నాకు ఫోన్ చెయ్యి. ఎక్కకపోయినా చెయ్యి, నేను వచ్చి కూర్చుని చేయిస్తాను.

మీ పెద్దమ్మ