ఆటోక్రాస్‌కి పాత మారుతి 800: ఇంజిన్ పవర్ పెంచాలా, బరువు తగ్గించాలా?

గుంటూరు నుంచి అడిగారు కదా, ఇంట్లో పాత 800 ఉంది, ఆటోక్రాస్‌లో (మలుపుల ట్రాక్ మీద ఎంత తక్కువ టైమ్‌లో చుట్టొచ్చారో చూసే పోటీ) దింపాలి, ఉన్న డబ్బుతో ఇంజిన్ పని చేయించాలా లేక బండి తేలిక చేయాలా అని. ముందు బరువు తీసేయండి, ఇంజిన్ సంగతి తర్వాత. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇదే బండి రెడీ చేయించుకుని తోలినవాడిని, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

లెక్క చూడండి. ఎంపీఎఫ్ఐ ఇంజిన్ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ పంపే రకం) 37 హార్స్‌పవర్, బండి సుమారు 650 కేజీలు, మీరు 75 అనుకుంటే మొత్తం 725. అందులో 50 కేజీలు దించితే, కేజీకి వచ్చే పవర్ లెక్కన దాదాపు 2.7 హార్స్‌పవర్ పెంచినట్టే, అదే 796 సీసీ ఇంజిన్‌లోంచి పిండాలంటే హెడ్డు (ఇంజిన్ పై భాగం) పని, క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్), ఎగ్జాస్ట్ అంటూ బోలెడు ఖర్చు, పైగా ఇంజిన్‌లో చెయ్యి పెడితే పోటీలో మీ క్లాసే (మీరు ఏ రకం బండ్లతో పోటీపడాలో ఆ గ్రూపు) మారిపోవచ్చు. వెనక సీటు, స్టెప్నీ, జాకీ, మ్యాట్లు, డోర్ ప్యాడ్లు విప్పడానికి స్పానర్లుంటే చాలు. ట్యాంక్ 28 లీటర్లు, లీటర్ పెట్రోల్ ముప్పావు కేజీ దాకా ఉంటుంది, ఫుల్ చేసుకుని వెళ్తే 20 కేజీలు ఊరికే మోసినట్టు. మరీ అడుక్కి మాత్రం తేవద్దు, మలుపులో పెట్రోల్ ఓ పక్కకి పోయి ఇంజిన్ దగ్గుతుంది.

పవర్ పనికొచ్చేది యాక్సిలరేటర్ తొక్కినప్పుడే. బరువు తగ్గడం అలా కాదు, స్టార్టింగ్‌లో, బ్రేక్‌లో, మలుపులో అన్నిచోట్లా కలిసొస్తుంది, మట్టి ఆటోక్రాస్ అంటేనే మలుపు మీద మలుపు కదా.

ఇంకోటి, బరువు ఎక్కణ్ణుంచి తీశారన్నది చాలా ముఖ్యం. లారీలు తూచే కాటా దగ్గరికి పోయి ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, మొత్తం బండి ఎక్కించి ఒకసారి తూపించండి, తేడా వెనక బరువు. 800 ముందు చక్రాలతో నడిచే బండి కాబట్టి ముందు భాగమే బరువు, వెనక సీటూ స్టెప్నీ తీశాక వెనకభాగం ఇంకా తేలికై బ్రేక్ కొట్టగానే పక్కకి జారుతుంది. మట్టి మీద అలా జారితే బండి చక్కగా తిరుగుతుంది, నాకైతే అదే కావాలి, కానీ తడి తారు మీద అదే బండి భయపెడుతుంది.

పెద్ద ట్రాక్ అయితే వేరే మాట. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ అనే రేస్ ట్రాక్‌లో కిలోమీటర్ దాటిన స్ట్రెయిట్ ఉంది, అంత దూరంలో అడ్డొచ్చేది గాలి, టాప్ స్పీడ్ 10 శాతం పెరగాలంటే పవర్ దాదాపు మూడో వంతు పెంచాలి, అక్కడ బరువు తగ్గించి పెద్దగా లాభం లేదు.

రోల్ కేజ్ (బండి బోల్తా పడినా లోపలివాళ్లు నలగకుండా కాపాడే ఇనప చట్రం), సీటు బెల్టుల దగ్గర మాత్రం కేజీలు లెక్కపెట్టకండి, పెరిగితే పెరగనివ్వండి. మీ క్లాసులో మినిమం వెయిట్ ఉందేమో రూల్స్‌లో చూసుకున్నాకే స్పానర్ పట్టండి. మిగిలిన డబ్బు ముందు మంచి టైర్లకి, తర్వాత షాకబ్జర్లకి పెట్టండి, అప్పటికీ మిగిలితే అప్పుడు ఇంజిన్.