బటన్ మీద ‘వెతుకు’ అంటే మర్యాద తక్కువా?

సందేహం: మా ఊరి గ్రంథాలయానికి చిన్న వెబ్‌సైటు చేశాం. పుస్తకాల జాబితాలో వెతుక్కోవడానికి బయట దొరికే సెర్చ్ విడ్జెట్ (పేజీలో అతికించుకునే తయారు వెతుకుడు పెట్టె) ఒకటి తెచ్చి పెట్టాం. అందులో కనిపించే మాటలన్నీ మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు. గొడవంతా అక్కడే వచ్చింది. నేను బటన్ మీద ‘వెతుకు’ అని పెట్టాను. కమిటీలో పెద్దాయన ఒకరు “ఏకవచనం ఏమిటమ్మా, వచ్చేవాళ్లకు మర్యాద అక్కర్లేదా? ‘వెతుకండి’ అని మార్చు” అన్నారు. ఒక టీచరుగారు ‘శోధన’ బాగుంటుందన్నారు. ఇంకొకరు ‘అన్వేషణ’ అన్నారు. చివరికి వెతుకు సరైనదా, వెదకు సరైనదా అని కూడా టెన్షన్ పట్టుకుంది. ఏది ఉంచమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: ‘వెతుకు’ ఉంచండి. అయితే పెద్దాయన అడిగినదాన్ని తేలిగ్గా తీసేయకండి. ఇంటికొచ్చిన మనిషిని “వెతుకు” అనడం మన మర్యాద కాదు. ఆ మాట వాళ్లను ఉద్దేశించి అన్నదే అయితే ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం.

కానీ బటన్ మీది మాట ఎవరు ఎవరితో అంటున్నది? ఇదొక్కటి తేలితే సగం చిక్కు విడిపోతుంది. లాగిన్ పేజీ ఒకటి గుర్తుచేసుకోండి. ఒక గడి పక్కన “నన్ను గుర్తుంచుకో” అని ఉంటుంది. దాని కిందే “మీరు పాస్‌వర్డ్ మర్చిపోయారా?” అని ఉంటుంది. మొదటి మాటలో ‘నన్ను’ అంటున్నది మనం, వింటున్నది కంప్యూటర్. రెండో మాటలో అడుగుతున్నది వెబ్‌సైటు, వింటున్నది మనం. ఒకే పేజీ మీద రెండు గొంతులు ఉన్నాయన్నమాట. బటన్ నొక్కేటప్పుడు ఆజ్ఞ ఇచ్చేది పాఠకుడు, పని చేసేది యంత్రం. కాబట్టి అక్కడ ‘వెతుకు’ అనడంలో ఎవరినీ తక్కువ చేయడం లేదు. పాఠకుడు టైప్ చేసే గడిలో లేత రంగులో కనిపించే సూచన మాత్రం గ్రంథాలయం పాఠకుడితో చెప్పే మాట. అక్కడ ‘రాయండి’, ‘చూడండి’ అని బహువచనమే ఉండాలి. పెద్దాయన కోరిన మర్యాదకు అసలు చోటు అది. ఇంగ్లీషులో ఒక్క ‘సెర్చ్’ రెండు చోట్లా సరిపోతుంది గనుక వాళ్లకు ఈ ఆలోచన అవసరం పడదు. తెలుగులో క్రియ పలికితే ఎదుటివాడెవరో చెప్పకుండా కుదరదు.

ఆయన చెప్పిన ‘వెతుకండి’ అనే రూపం మాత్రం సరికాదు. ‘వెతకండి’ అనాలి. అడుగు – అడిగి – అడగండి, కడుగు – కడిగి – కడగండి, పలుకు – పలికి – పలకండి. ఈ క్రియల్లో నడిమి అచ్చు వెనక వచ్చేదాన్ని బట్టి మారుతుంది. ‘ఇ’ వస్తే ‘ఇ’, ‘అ’ వస్తే ‘అ’. అలాగే వెతుకు – వెతికి – వెతకండి. ఎవరూ ‘అడుగండి’ అని పలకరు గదా, ఇదీ అంతే.

ఇక ద, త సంగతి. పాత రూపం ‘వెదకు’. ప్రహ్లాదుడు తండ్రితో “ఎందెందు వెదకి చూచిన” అని చెప్పిన భాగవత పద్యం మీకు నోటికే వచ్చి ఉంటుంది. తర్వాతి కాలంలో పక్కనున్న ‘క’ ప్రభావంతో ‘ద’ కాస్తా ‘త’ అయింది. ఇది ఈ ఒక్క మాటకే జరగలేదు. బ్రదుకు – బ్రతుకు – బతుకు, ఉదుకు – ఉతుకు, అదుకు – అతుకు. ఈ రోజు ‘బట్టలు ఉదికాను’ అని రాయనివాళ్లం వెతుకు దగ్గర మాత్రం ‘ద’ కోసం పట్టుబట్టనక్కర్లేదు. రెండూ ఒప్పే, వాడుకలో ఉన్నది ‘వెతుకు’.

శోధన తప్పేమీ కాదు. కొన్ని తెలుగు వెబ్‌సైట్లలో బటన్ మీద అదే కనిపిస్తుంది. నాకు దానితో ఇబ్బంది వేరేచోట ఉంది. దాని మూలమైన శుధ్ ధాతువుకు శుభ్రం కావడం అని అర్థం. ఆయుర్వేదంలో శోధన అంటే ఇప్పటికీ శుద్ధి చేయడమే. మన ఊళ్లలో చర్చికి వెళ్లేవాళ్లకు శోధన అంటే మనసును తప్పుదారి పట్టించే పరీక్ష. వాళ్లు రోజూ చేసుకునే ప్రార్థనలో ఆ మాట ఉంది. ఇన్ని బరువులున్న మాటను పుస్తకం వెతుక్కునే చిన్న గడి మీద ఎందుకు పెట్టాలి? అన్వేషణ అంటే సీతాన్వేషణ గుర్తొస్తుంది. సముద్రం దాటినంత పని. గాలించడమంటే బియ్యంలో రాళ్లు తీసే పనిలోంచి వచ్చి, ఇప్పుడు తప్పిపోయినవాళ్ల కోసం చేసే గాలింపు అయింది. సోదా పోలీసులది. తెలంగాణలో దేవులాడటం అంటారు. చెవికి ఎంతో ఇంపైన మాట, కానీ మీ పాఠకులందరికీ అందకపోవచ్చు. పదేళ్ల పిల్లకీ, ఎనభై ఏళ్ల తాతకీ ఒక్కలాగే అర్థమయ్యేది ‘వెతుకు’.

మీరు అడగలేదు గానీ, ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ‘తాళంచెవి వెతికాను’ అంటాం, ‘జేబులన్నీ వెతికాను’ అనీ అంటాం. మొదటిదాంట్లో కావలసింది తాళంచెవి. రెండోదాంట్లో జేబులు కావలసినవి కావు, వెతికిన చోటు. వెతుకు అనే క్రియ వస్తువునూ చోటునూ ఒకే రూపంలో పక్కన పెట్టుకుంటుంది. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఇబ్బంది లేదు, సందర్భం చెబుతుంది. వెబ్‌సైటులో ఆ సందర్భం ఉండదు. ‘పుస్తకాలు వెతకండి’ అంటే పుస్తకాల కోసమా, పుస్తకాల లోపలా? ‘పుస్తకాల్లో వెతకండి’ అని పెట్టారనుకోండి, పాఠకుడు తనకు గుర్తున్న పద్యపాదం ఒకటి టైప్ చేస్తాడు. మీ జాబితాలో ఉన్నవి పుస్తకాల పేర్లూ రచయితల పేర్లూ మాత్రమే. ఏమీ రాదు. గ్రంథాలయంలో ఆ పుస్తకమే లేదనుకుని వెళ్లిపోతాడు, అది మీ బీరువాలోనే ఉంటుంది. అందుకని గడిలో అసలు ‘వెతకండి’ అనే మాటే వద్దంటాను. “పుస్తకం పేరు గానీ రచయిత పేరు గానీ టైప్ చేయండి” అని పెట్టండి. ఏం చేయాలో, ఏది పనిచేస్తుందో ఒక్క వాక్యంలో తెలుస్తుంది.

విభాగాల పేర్లతో కూడా జాగ్రత్త. ఇలాంటి విడ్జెట్లలో చాలావాటికి ఒక మూస వాక్యం ఇచ్చి, మధ్యలో విభాగం పేరు దానంతటదే వచ్చి చేరేలా పెడతారు. మీరు ‘లో వెతుకు’ అని రాసి పెడితే ‘చరిత్రలో వెతుకు’ చక్కగానే వస్తుంది. ‘కథలు’ వచ్చేసరికి ‘కథలులో వెతుకు’ అవుతుంది. ‘మన ఊరు’ అనే విభాగం ఉంటే ‘మన ఊరులో’ అని వస్తుంది. తెలుగులో విభక్తి చేరే ముందు మాట రూపం మారుతుంది: కథలు – కథల, ఊరు – ఊరి, ఏరు – ఏటి, చేయి – చేతి. ఈ చివరి మూడింట్లో వచ్చి చేరిన ఇ, టి, తి లకు మన వ్యాకరణం ఔపవిభక్తికాలు అని పేరు పెట్టింది. విడ్జెట్‌కు ఆ వ్యాకరణం రాదు. కాబట్టి విభక్తి అవసరం లేని వాక్యం మనమే ఇవ్వాలి. “విభాగం: కథలు”, “విభాగం: మన ఊరు” అని పెడితే ఏ మాట వచ్చినా చెడదు.

లెక్క దగ్గరా ఇదే ఉపాయం. ‘1 ఫలితాలు’ అని చాలా చోట్ల చూస్తుంటాం, కంట్లో నలుసులా గుచ్చుకుంటుంది. ఒకటికి ‘ఫలితం’, తక్కినవాటికి ‘ఫలితాలు’ అని రెండు రూపాలు ఇచ్చే వీలు ఆ విడ్జెట్‌లో ఉంటే ఇవ్వండి. లేకపోతే “దొరికిన పుస్తకాలు: 1”, “దొరికిన పుస్తకాలు: 12” అనండి. నిజానికి నాకు ఇదే ఇష్టం. ఫలితం అనగానే పరీక్షలూ ఎన్నికలూ గుర్తొస్తాయి. వెతికితే దొరకడం అనేది మన ఇళ్లలో మాట.

బటన్ మీద మాట లేకుండా భూతద్దం బొమ్మ ఒక్కటే పెట్టాలని ఎవరైనా అంటే, కోడ్‌లో ఆ బటన్‌కు ‘వెతుకు’ అనే పేరు తప్పకుండా ఇవ్వండి. పేజీ భాష తెలుగు అని కూడా నమోదు చేయండి. చూపు లేని పాఠకులకు స్క్రీన్ రీడర్ చదివి వినిపించేది ఆ పేరునే.

చివరగా, పుస్తకం లేనప్పుడు వచ్చే మాట. మీ విడ్జెట్‌తో వచ్చింది “ఫలితాలు ఏవీ కనుగొనబడలేదు” లాంటిదైతే వెంటనే తీసేయండి. ‘బడు’ చేర్చిన ఆ వాక్యం ఏ తెలుగు ఇంట్లోనూ వినిపించదు. “ఈ పేరుతో పుస్తకం దొరకలేదు. ఒకసారి అక్షరాలు సరిచూసుకోండి, లేదా గ్రంథాలయంలో అడగండి” అని రాయండి. ఈ మాట పాఠకులతోనే గదా, ఇక్కడి ‘అడగండి’ చూసి మీ పెద్దాయన కూడా సంతోషిస్తారు.