ఉపవాసం చేస్తే ఆయుష్షు పెరుగుతుందా?

తక్కువ తింటే ఎలుకలకు పెరుగుతుందని కార్నెల్ విశ్వవిద్యాలయంలో మెకే బృందం 1935లోనే చూపింది. పోషకాలు తగ్గించకుండా కేలరీలు మాత్రమే తగ్గించారు. మనుషుల్లో అంతటి రుజువు ఇంకా లేదు. అమెరికాలో ఆరోగ్యవంతులు రెండేళ్లపాటు సగటున 12 శాతం తక్కువ తిన్న ప్రయోగంలో రక్తపోటు, చెడు కొలెస్ట్రాల్ తగ్గాయి. ఇదే నాకు ఎక్కువ ఆశ కలిగించే ఫలితం.

తిండి అందనప్పుడు కణం తనలోని పాడైన భాగాలను విడగొట్టి మళ్లీ వాడుకుంటుంది. ఈ ఆటోఫజీ గుట్టు విప్పినందుకే యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. ఆయన పరిశోధించింది ఈస్ట్ కణాలను, ఏకాదశి ఉపవాసాన్ని కాదు. అన్నం మానేసి రెండు పళ్లేల సగ్గుబియ్యం ఉప్మా తింటే కేలరీలేమీ తగ్గవు.

ఇన్సులిన్ వాడేవారు మాత్రం దయచేసి వైద్యుణ్ని అడగకుండా పస్తుండకండి. షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు.