వ్యాపారంలో దిగే ముందు మన నీతి, విలువలు ఏమిటో తెలుసుకోవడం ఎలా?

ముందు తెలియవండి. సరుకు తక్కువ పడిన రోజున తెలుస్తాయి.

మాది పలాస. నాన్న కాలం నుంచి చిన్న జీడి ఫ్యాక్టరీ ఉంది. జీడిపప్పులో 240, 320 అని రకాలుంటాయి. పౌనుకి, అంటే 454 గ్రాములకి, ఎన్ని గుండ్లు, అంటే విరగని పప్పులు, తూగుతాయన్న లెక్క అది. 240 పెద్ద గుండు, 320 కాస్త చిన్నది. పక్కపక్కన పెడితే తప్ప కొనేవాడికి తేడా తెలీదు. గ్రేడింగ్ చేసే ఆడవాళ్లకు మాత్రం చెయ్యి తగిలితే చాలు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. మా చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో జీడి, కొబ్బరి తోటలు పడిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. దీపావళికి విజయనగరంలో ఒక స్వీటు షాపుకి 240 రకం, పది కేజీల టిన్నులు పన్నెండు ఇస్తానని ముందే ఒప్పుకున్నాను. అడ్వాన్సు కూడా వాడేశాను. చూస్తే ఏడు టిన్నులకే పప్పుంది.

మా దగ్గర గ్రేడింగ్ చేసే పెద్దావిడని అందరం అప్ప అనే పిలుస్తాం. ఐదు టిన్నుల 320 అందులో కలిపేయమన్నాను. ఆవిడ తలెత్తలేదు. చేటలో పప్పు అటూ ఇటూ జరుపుతూ, "కలపమంటే కలిపెస్తాను గాని, ఆ చీటీ నువ్వే అంటించుకో బావూ" అంది.

టిన్ను మీద రకం రాసిన చీటీ అంటించడం రోజూ ఆవిడ పనే. ఆ రోజు పన్నెండూ నేనే అంటించాను. జిగురు ఆరక రెండు వంకరగా అంటుకున్నాయి. కేజీకి యాభై రూపాయల తేడా, యాభై కేజీలు. రెండున్నర వేల కోసం!

నీతిగా ఉంటే వ్యాపారం దానంతటదే పెరుగుతుందని సెమినార్లలో చెబుతారు కదా, అది ఒట్టి మాట. ఆ షాపు వాళ్లు పట్టుకోలేదు. ఇప్పటికీ మా దగ్గరే కొంటున్నారు. (వాళ్లూ తక్కువేం తినలేదు. మిఠాయితో పాటు అట్టపెట్టెని కూడా తూచి, కాజూ బర్ఫీ ధరకే అమ్ముతారు. అట్టపెట్టె బరువు కలపకూడదని రూలుంది, అడిగేవాడేడీ?)

ఆఫ్రికా జీడి పిక్కలు తెచ్చి పలాస పప్పని అమ్మడం మోసం కాదా అని కూడా కొందరు అడుగుతుంటారు. నా లెక్కలో కాదు. ఇక్కడ కొట్టి, ఒలిచి, ఏరితే అది పలాస పప్పే, ఆ పేరు చేతిపనికి వచ్చింది. ఎనభై కేజీల బస్తాకి గిట్టుబాటు లేదని రోడ్డెక్కే ఉద్దానం రైతు ముందు మాత్రం ఈ మాట గట్టిగా అనలేను.

అప్ప ఇప్పటికీ మా దగ్గరే పని చేస్తోంది. ఆ రోజు సంగతి మళ్లీ ఎత్తలేదు. టిన్నులు నింపి, మూతలు బిగించి వరసగా పెడుతుంది. చీటీల కట్ట, జిగురు డబ్బా మాత్రం తెచ్చి నా బల్ల మీద పెట్టి పోతుంది.